పిలకాయల్ని సాకే అవ్వలకు ఒక కాగితం ఇవ్వండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో విద్య, స్త్రీ శిశు సంక్షేమం, వైద్యం, గ్రామ సచివాలయాల బాధ్యతలు చూసే అధికారులకు, మెట్ట మండలాల ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

విషయం: తల్లిదండ్రులు పనుల కోసం దూరాన ఉన్నప్పుడు వాళ్ళ పిల్లల్ని పెంచుతున్న అవ్వాతాతలకు, పెద్దమ్మలకు, మేనత్తలకు సంరక్షకులుగా గుర్తింపు ఇవ్వడం గురించి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీకు పని ఒత్తిడి ఎంత ఉంటుందో తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మాది ఉదయగిరి వైపు మెట్ట. 78 టీఎంసీలు పట్టే సోమశిల మా జిల్లాలోనే ఉన్నా మా చేలకు వానే దిక్కు. వాన ముఖం చాటేసిన ఏడాది, కాయకష్టం చేయగలిగిన వాళ్ళంతా మూటాముల్లె సర్దుకుంటారు. మగవాళ్ళు బేల్దారి పనికి బెంగళూరో చెన్నయ్యో పోతారు. మొగుడూ పెళ్ళాం కలిసి హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పనికి కుదురుకునేవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళు కొందరు కువైట్ విమానం ఎక్కుతారు. వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, మర్రిపాడు, ఏ మండలంలో ఏ ఊరికి పోయి అడిగినా 'మా కోడలు కువైట్లో ఉంది' అనే ఇల్లు తగులుతుంది. వాళ్ళ పిలకాయలు మాత్రం ఊళ్ళోనే ఉంటారు, అవ్వ దగ్గర.

గల్ఫ్ విషయంలో ఒక సంగతి మీరు గమనించాలి. పదో తరగతి పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండి ఉండాలని కేంద్రం నిబంధన. చిన్న వయసు ఆడపిల్లలు మోసపోకూడదని పెట్టారు, మంచిదే. అయితే మా వైపు 30 ఏళ్ళు నిండిన ఆడమనిషి అంటే ఇద్దరు బిడ్డల తల్లి. పెద్దది నాలుగో తరగతిలో ఉంటుంది, చిన్నోడు అంగన్‌వాడీలో ఉంటాడు. అంటే నిబంధన ప్రకారం విమానం ఎక్కేది తల్లులే. ఎక్కనిచ్చేది ప్రభుత్వమే. ఇక్కడ మిగిలిన బిడ్డకు దిక్కు ఎవరో రాసుకునే గడి మాత్రం ఏ దరఖాస్తులోనూ లేదు.

నేను ఒక చిన్న నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్సు, ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. జూన్ నెలలో మా అంగడి ముందు వరసలో ఉండేది ఎక్కువగా అవ్వలే. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడి చిరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న ఆధార్ జిరాక్సులు, పక్కన యూనిఫారంలో ఒక మనవడో మనవరాలో. నన్ను సాకింది కూడా అవ్వే. ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

ఈ విషయం మీద పోయిన ఏడాది కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి అర్జీ పెట్టాం. కొన్నాళ్ళకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కారమో చూద్దామని తెరిస్తే ఒకటే వాక్యం: 'నిబంధనల ప్రకారం తల్లి లేదా తండ్రి హాజరు కావలెను.' తల్లీ తండ్రీ హాజరు కాలేరనే కదా మేం అర్జీ పెట్టుకుంది! దాని మీద మళ్ళీ రాశాం. దానికి మెసేజ్ కూడా రాలేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. ఎక్కడికి పోయినా అదే వాక్యం వినిపిస్తున్నప్పుడు ఒక కార్యాలయాన్ని వేలెత్తి చూపడంలో న్యాయం లేదు. అందుకే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాను.

మా దగ్గర జరుగుతున్నవి ఇవి.

1. ఓటీపీ. అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బిడ్డకు సంబంధించిన ఏ పని మొదలుపెట్టినా తల్లి ఆధార్‌కు ముడిపెట్టిన ఫోనుకు నంబరు పోతుంది. ఆ సిమ్ము తల్లితో పాటు కువైట్ పోయింది. ఇక్కడ పొద్దున పదకొండు అయితే అక్కడ ఎనిమిదిన్నర. ఆ వేళకు ఆమె యజమాని పిల్లల్ని బడికి పంపి, వంటింట్లోనో బాత్రూములు కడుగుతూనో ఉంటుంది. చాలా ఇళ్ళలో పనివేళల్లో ఫోను ముట్టనివ్వరు. ఓటీపీ పది నిమిషాలు బతుకుతుంది. అవ్వ నా అంగడి అరుగు మీద కూర్చుని వాట్సాప్‌లో 'అమ్మా, నంబరొచ్చిందా' అని వాయిస్ పెడుతుంది. సాయంత్రానికి జవాబొస్తుంది, 'వచ్చిందమ్మా, ఇప్పుడే చూశా' అని. అప్పటికి ఆ నంబరు చెల్లదు, మా సైటు తెరుచుకోదు. మర్నాడు మళ్ళీ మొదటికి.

ఇది బాగున్నప్పటి సంగతి. చాలామంది ఇక్కడి సిమ్ముకు రీఛార్జి చేయడం మానేస్తారు. అక్కడ ఇంకో సిమ్ము ఉండగా దీనికి డబ్బులెందుకు అనుకుంటారు. కొన్నాళ్ళకు కంపెనీ ఆ నంబరు తీసేసి ఇంకెవరికో ఇస్తుంది. అప్పుడు మా బిడ్డ ఓటీపీ ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషికి పోతుంది. ఆధార్‌లో నంబరు మార్చాలంటే మనిషి స్వయంగా రావాలనేదే ఇన్నాళ్ళూ ఉన్న నిబంధన. మనిషి ఉన్నది కువైట్‌లో.

2. బిడ్డ ఆధార్. అయిదేళ్ళు నిండినప్పుడు ఒకసారి, పదిహేనేళ్ళప్పుడు ఒకసారి పిల్లల వేలిముద్రలు, కంటిపాప నమోదు చేయించాలి. అయిదేళ్ళలోపు బిడ్డకు కొత్తగా ఆధార్ తీయించాలంటే తల్లో తండ్రో, లేదంటే చట్టబద్ధమైన సంరక్షకులో తమ వేలు పెట్టాలి. అవ్వ దగ్గర ఆ చట్టబద్ధమనే కాగితం ఉండదు. అది కావాలంటే కోర్టుకు పోవాలంటారు. గొర్రెల మంద వెనక నడిచే మనిషి సంరక్షకురాలినని రుజువు చేసుకోవడానికి లాయరును పెట్టుకోవాలా? వేలిముద్రలు కొత్తగా ఎక్కించక పాత ఆధార్ నిద్రపోతే బడి రికార్డులో పేరు ఎక్కదు, అపార్ నంబరు, అంటే దేశమంతా చెల్లే విద్యార్థి గుర్తింపు సంఖ్య, రాదు. అపార్‌కు తల్లిదండ్రుల అంగీకార పత్రం వేరే కావాలి. ఆ పత్రం మీద అవ్వ వేలిముద్ర వేస్తే 'ఇది ఎవరిది' అంటారు.

3. డబ్బు. తల్లికి వందనం కింద బిడ్డకు 15,000 రూపాయలు, అందులో బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడతాయి. తల్లి పేరు మీద పథకం పెట్టడాన్ని నేను తప్పు పట్టను. మా అవ్వలు కూడా తప్పు పట్టరు. ఆ డబ్బు మీద వాళ్ళకు ఆశ లేదు. ఇంతకు ముందు అమ్మఒడి నిబంధనల్లో తల్లి లేకపోతే గుర్తింపు పొందిన సంరక్షకులకు ఇవ్వవచ్చని రాసి ఉండేది. 'లేకపోతే' అన్న మాటను అందరూ 'చనిపోతే' అనే తీసుకున్నారు. బతికుండి ఊళ్ళో లేని తల్లి సంగతి ఎవరికీ తట్టలేదు. ఖాతాకు ఆధార్ ముడి తెగితే సరిచేయడానికి తల్లి రావాలి. ఏటీఎం కార్డు గడువు తీరితే తల్లి రావాలి. ఈలోగా నోటు పుస్తకాలు, బస్సు పాసు, చెప్పులు, జ్వరం వస్తే మందులు, అన్నీ అవ్వ పింఛను 4,000లో నుంచే. నేను చూసిన ఒక ఇంట్లో ఆ నాలుగు వేలలో ముగ్గురు బతుకుతున్నారు. కువైట్ నుంచి పంపే డబ్బు మొదటి ఏడాది ఏజెంటు అప్పుకే సరిపోతుంది.

రేషన్ కార్డులో పిలకాయను అవ్వ కార్డులోకి మార్చుకోమని సలహా ఇస్తారు. మార్చితే తల్లి ఇల్లు వేరు, బిడ్డ ఇల్లు వేరు అయిపోయి పథకం ఆగుతుందేమోనని భయం. మార్చకపోతే ఆ కార్డులో ఊళ్ళో ఉన్న మనిషి తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే. చౌకదుకాణంలో వేలు పెట్టడానికి అది సంచి పట్టుకుని నిలబడాలి.

4. బడి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు మా ఊరి బడికి వచ్చినవాళ్ళలో నెరిసిన తలలే ఎక్కువ. సార్లు మర్యాదగా కుర్చీలు వేశారు, ప్రోగ్రెస్ కార్డు చూపించి ఓపికగా చెప్పారు. హాజరు పట్టీ దగ్గరికి వచ్చేసరికి 'తల్లి/తండ్రి సంతకం' అని ఉంది. ఒక అవ్వ స్టాంపు ప్యాడ్ మీద వేలు అద్ది, ఎక్కడ ఒత్తాలో తెలియక మనవరాలి వైపు చూసింది. ఆ పిల్ల 'నీది వద్దంటవ్వా, అమ్మదంట' అనింది. అంతమందిలో. అవ్వ వేలు పైట చెంగుకు తుడుచుకుని వెనక్కి పోయి కూర్చుంది. సార్లను అనేదేం లేదు, పట్టీ అచ్చు వేయించింది వాళ్ళు కాదు. విద్యా కమిటీలో కూడా ఇదే వరస. బడికి రోజూ వచ్చి నీళ్ళ ట్యాంకు కడిగారా లేదా అని చూసే మనుషులకు అందులో చోటు ఉండదు.

5. ఆసుపత్రి. ఒక పిల్లవాడు చింతచెట్టు మీద నుంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేయాలన్నారు. తాత సంతకం పనికిరాదన్నారు. తండ్రి బెంగళూరు నుంచి రాత్రి బస్సు పట్టుకుని వచ్చేదాకా ఆ పిల్లవాడు కట్టుతో ఏడుస్తూనే ఉన్నాడు. బెంగళూరు కాబట్టి రాత్రికి రాత్రి వచ్చాడు.

6. అంగన్‌వాడీ. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీ యాప్‌లో ముఖం చూపించాలి. బిడ్డతో పాటు నమోదైన ముఖం తల్లిదైతే, ఆమె లేనప్పుడు అవ్వ ముఖం నమోదు చేయించడానికి తిరగాలి. కార్యకర్తలు తమకు చేతనైనంత సాయం చేస్తున్నారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. చేతనయ్యేది కొంతే.

7. సముద్రం వైపు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. రొయ్యల గుంటల కాపలాకు యానాది కుటుంబాలు పోయినప్పుడు ముసలివాళ్ళ దగ్గర వదిలిన పిల్లలకు జనన ధ్రువపత్రమే ఉండదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన వాళ్ళకు బడికి, ఆధార్‌కు అన్నిటికీ ఆ పత్రమే ఆధారం. మా మెట్ట అవ్వల దగ్గర కనీసం చిరిగిన జిరాక్సు అయినా ఉంది.

ఇక నా సంగతి. మా అమ్మ కువైట్ పోయినప్పుడు నేను మూడో తరగతి. శుక్రవారం అక్కడ సెలవు కనుక ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసేది, మా ఇంటికి కాదు, సెంటర్లో ఎస్టీడీ బూత్‌కు. బూత్ ఆయన ఎవరో ఒకరిని పంపి మమ్మల్ని పిలిపించేవాడు. మాట్లాడుతున్నంత సేపు తను బయట నిలబడేవాడు. మా అవ్వకు చదువు రాదు. అయినా శెట్టి అంగట్లో ఉప్పో పప్పో కట్టిచ్చిన పొట్లం కాగితం పారేయనిచ్చేది కాదు. దాన్ని చదును చేసి నా చేత చదివించేది. సగం చిరిగిన వార్త ఎక్కడ ఆగిపోతే అక్కడ 'మిగతాది నువ్వు చెప్పు' అనేది. ఎన్నికల వార్త అయితే ఎవరు గెలిచారో నేనే చెప్పేదాన్ని! ఈరోజు నేను పది మందికి దరఖాస్తులు నింపుతున్నానంటే ఆ పొట్లాల చదువే. ప్రోగ్రెస్ కార్డు మీద అవ్వ వేలిముద్ర వేస్తే మా హెడ్మాస్టరు గారు కింద 'నాయనమ్మ' అని తన చేత్తో రాసేవారు. అంతటితో సరిపోయేది. ఆయనకు మా అవ్వ తెలుసు, మా అవ్వకు ఆయన తెలుసు. ఇప్పుడు కంప్యూటర్‌కు ఇద్దరూ తెలియదు.

స్వర్ణాల చెరువులో రొట్టెల పండగకు మా వైపు నుంచి ఏటా పోతారు. బారాషహీద్ దర్గా దగ్గర నీళ్ళలో నిలబడి కోడలు విదేశీ రొట్టె అందుకుంటే, పక్కనే అత్త మనవరాలి కోసం చదువు రొట్టె అందుకుంటుంది. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి రొట్టె వదలాలి. కోడలు రాలేదు కనుక రెండు రొట్టెలూ అత్తే వదులుతుంది.

'చట్టం ఒప్పుకోదమ్మా' అని నాకు చాలాసార్లు చెప్పారు. చట్టం ఏమందో చూస్తే వేరేగా ఉంది.

1890 నాటి సంరక్షకుల చట్టం నాలుగో సెక్షన్‌లోనే మైనరు మనిషిని గానీ ఆస్తిని గానీ చూసుకుంటున్న వ్యక్తి సంరక్షకుడని ఉంది. 2009 విద్యాహక్కు చట్టం సంరక్షకుడంటే బిడ్డ పోషణ, కస్టడీ చూసే వ్యక్తి అని చెప్పి, సహజ సంరక్షకులు, కోర్టు నియమించినవాళ్ళు కూడా అందులోకి వస్తారని కలిపింది. కోర్టు కాగితం ఉన్నవాళ్ళే అని ఎక్కడా అనలేదు. అదే చట్టం 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలంది. 2015 బాలల న్యాయ చట్టం కూడా బిడ్డ నిజంగా ఎవరి చేతిలో ఉందో వాళ్ళను బాలల సంక్షేమ కమిటీ సంరక్షకులుగా గుర్తించవచ్చని చెప్పింది. ఇన్ని చట్టాలు తలుపు తీసి పెడితే, మన దరఖాస్తు ఫారాలు మాత్రం గడియ పెట్టుకుని కూర్చున్నాయి.

మన పొరుగు జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో మీకు చెప్పక్కర్లేదు. టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. పదకొండేళ్ళకు తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో భోజనాల ఇల్లు నడిపి పిల్లల్ని పోషించారు. ఆ కుర్రవాడిలో సరుకు ఉందని కనిపెట్టి చేరదీసి, తనతో పాటు రాజమండ్రి తీసుకుపోయి చదివించినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు. రక్తసంబంధం లేదు, కులం కూడా వేరు. తల్లి బతికే ఉన్నారు, ఒంగోలులో ఉన్నారు. ఇవాళ్టి ఫారాలు అప్పుడు ఉండి ఉంటే ఆ మాస్టారిని 'మీరు ఏమవుతారు? తల్లి ఓటీపీ ఏది?' అని అడిగి వెనక్కి పంపేవాళ్ళు. అల్లరిచిల్లరగా తిరిగే ఆ పిల్లవాడు ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యే దారి అక్కడే మూసుకుపోయేది. మా పిలకాయలంతా ముఖ్యమంత్రులవుతారని నేను అనను. పదో తరగతి హాల్ టికెట్ దాకా అయినా పోనివ్వండి.

మీ అనుమానం కూడా నాకు అర్థమవుతుంది. ఎవరు పడితే వాళ్ళు వచ్చి 'ఈ బిడ్డ నా దగ్గర ఉంది' అంటే కాగితం ఇచ్చేస్తే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళకు, పనిలో పెట్టేవాళ్ళకు దారి దొరుకుతుంది. తాగుబోతు తాతలు లేరా, ఆస్తి కోసం బిడ్డను దగ్గర పెట్టుకునే బంధువులు లేరా? ఉన్నారు. అందుకే మేం అడిగేది హద్దులున్న కాగితం. మా డిమాండ్లు ఇవి:

1. గ్రామ సచివాలయం స్థాయిలో 'సంరక్షణ ధ్రువపత్రం' ఒకటి పెట్టండి. బడి హెడ్మాస్టరు, అంగన్‌వాడీ కార్యకర్త, సచివాలయ మహిళా పోలీసు ముగ్గురూ బిడ్డ ఎవరి దగ్గర ఉంటోందో రాసి సంతకాలు పెట్టాలి. దూరాన ఉన్న తల్లితోనో తండ్రితోనో వీడియో కాల్‌లో మాట్లాడి అంగీకారం నమోదు చేసుకోవాలి. ఒక విద్యా సంవత్సరమే చెల్లాలి, ప్రతి జూన్‌లో మళ్ళీ ఇవ్వాలి. ఆస్తికి, దత్తతకు, బిడ్డను జిల్లా దాటించడానికి చెల్లకూడదని దాని మీదే అచ్చు వేయండి. బడి, వైద్యం, పథకాలు, ధ్రువపత్రాలు, ఈ నాలుగింటికి చెల్లితే మాకు చాలు.

2. ఆ కాగితం ఉన్నవాళ్ళ ఫోన్ నంబరును బిడ్డ రికార్డులో రెండో నంబరుగా ఎక్కించండి. జిల్లా చేతిలో ఉన్న సైట్లలో ముందు చేయండి. రాష్ట్రం చేయాల్సినవాటికి మీ సిఫారసు రాసి పంపండి. అవ్వల వేళ్ళు అరిగిపోయి ముద్ర పడకపోతే కంటిపాపతో, అదీ కుదరకపోతే సచివాలయం ఉద్యోగి ధ్రువీకరణతో పని జరగాలి. తడిగుడ్డతో తుడిచి, తలనూనె రాసి, మళ్ళీ మళ్ళీ ఒత్తించే బాధ తప్పించండి.

3. ఆధార్ నిబంధనలు కేంద్రం చేతిలో ఉన్నాయని తెలుసు. మీరు చేయగలిగింది ఒకటుంది. సంక్రాంతికి బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి తల్లిదండ్రులు ఊళ్ళకు వస్తారు. ఆ వారంలోనే మెట్ట మండలాల సచివాలయాల్లో ఆధార్ క్యాంపులు పెట్టండి. పోయినసారి క్యాంపు పెట్టేసరికి వాళ్ళు బస్సెక్కేశారు. కువైట్ వాళ్ళు రెండేళ్ళకు ఒకసారి సెలవుకు వస్తారు. వాళ్ళు వచ్చిన రోజుల్లో సచివాలయానికి వస్తే వరసలో నిలబెట్టకుండా పని చేసి పంపండి.

4. బడుల్లో ప్రతి ఫారంలో, ప్రతి హాజరు పట్టీలో 'తల్లి/తండ్రి/సాకేవారు' అని మూడో మాట చేర్చండి. దీనికి జీవో కూడా అవసరం ఉండదనుకుంటాను. విద్యా కమిటీల ఎన్నికల్లో చట్టంలో ఉన్న 'సంరక్షకులు' అన్న మాటను అమలు చేయండి.

5. ఆసుపత్రుల్లో ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి సంతకం కోసమూ ఆగరు, ఆ నమ్మకం మాకుంది. ప్రాణం మీదికి రాని, వాయిదా వేస్తే బిడ్డ బాధపడే వైద్యానికి సంరక్షణ ధ్రువపత్రం ఉన్నవాళ్ళ సంతకం చాలునని, ఫోన్‌లో తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవచ్చని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి.

6. మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల పథకంలో బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. తల్లి వితంతువో, భర్త వదిలేసిన మనిషో అయినా, బిడ్డ అనాథగా బంధువుల దగ్గర పెరుగుతున్నా, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకపోతే అడగవచ్చు. మొగుడు చచ్చిపోయి అప్పులు తీర్చడానికి కువైట్ పోయిన తల్లుల పిల్లలు మా దగ్గర ఉన్నారు. ఈ సంగతి చెప్పేదాకా వాళ్ళ అవ్వలకు తెలియదు. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళను మండలానికి ఒక రోజు పంపి దరఖాస్తులు తీసుకోండి.

7. లెక్క తీయండి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఊళ్ళో లేని పిల్లలు జిల్లాలో ఎంతమంది? ఎవరి దగ్గర ఉన్నారు? ఆ సాకే మనిషి వయసెంత? బడి రికార్డుకు, అంగన్‌వాడీ రిజిస్టరుకు ఒక్క గడి చేర్చితే నెల రోజుల్లో తేలుతుంది. లెక్కలో లేని బిడ్డకు బడ్జెట్ ఉండదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

8. చివరిది, అవ్వల గురించి. డెబ్బై దాటిన మనిషి నలుగురు పిల్లల్ని చూసుకుంటూ మంచాన పడితే ఆ పిల్లలు ఏమవ్వాలి? అలాంటి ఇళ్ళలో ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో, మగపిల్లలకు సంక్షేమ హాస్టళ్ళలో ఏడాది మధ్యలో అయినా సీటు ఇవ్వండి. సీట్లు నిండాయని వెనక్కి పంపిన ఒక పిల్ల ఇప్పుడు కలిగిరి వైపు పొగాకు గ్రేడింగుకు పోతోంది. దాని వయసు పన్నెండు. బాలకార్మికురాలని రేపు దాడి చేసి పట్టుకుంటే ఫోటో పేపర్లో వస్తుంది. హాస్టల్ సీటు ఇస్తే ఫోటో రాదు కానీ పిల్ల బడికి పోతుంది.

ఈ ఎనిమిదింటిలో డబ్బు ఖర్చయ్యేవి తక్కువ. ఒకటి, నాలుగు, ఏడు డిమాండ్లకు మీ సంతకం తప్ప ఇంకేమీ అక్కర్లేదని నా అభిప్రాయం. అవి ఈ విద్యా సంవత్సరంలోనే జరగాలి. మిగతావాటికి ఎంత కాలం పడుతుందో, ఏ అధికారి చూస్తారో పేరు, హోదాతో చెప్పండి.

జవాబు ఈసారి మెసేజ్‌గా వద్దు. కాగితం మీద, తెలుగులో, చదివితే అవ్వలకు అర్థమయ్యేలా రాసి సచివాలయాల నోటీసు బోర్డుల్లో అంటించండి. వచ్చే నెలాఖరులోగా జవాబు రాకపోతే ఆ తర్వాతి సోమవారం అర్జీల రోజున అవ్వలే పిలకాయల్ని వెంటబెట్టుకుని నెల్లూరు వస్తారు. ఆ రోజు బడి పోతుందని వాళ్ళకు బాధగా ఉంది, ఆ మాట కూడా రాయమన్నారు.

ఇట్లు,
ఉదయగిరి మెట్టలో నెట్ సెంటర్ నడుపుకునే ఒక అవ్వ మనవరాలు,
వేలిముద్రలు వేసిన అవ్వాతాతల తరఫున